నాలుగు వందల ఖాళీల రెజ్యూమె

పదకొండేళ్లుగా మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో లెక్కలు రాస్తున్నాను. వడ్ల గురించి, తవుడు గురించి, హమాలీ కూలీల గురించి ఎన్ని వేల కాగితాలు రాశానో చెప్పలేను గానీ, నా గురించి ఒక్క కాగితం రాసుకోవాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. ఆ ఉద్యోగం మా పెదనాన్న మాట మీద వచ్చింది. సేటు నన్ను పైనుంచి కిందికి ఒకసారి చూసి, "రేపు పొద్దున వచ్చెయ్యి" అన్నాడు. వెళ్లాను. అంతే.

పిల్లలను నల్లగొండలో బడిలో వేశాక సంగతి మారింది. కాపురం అక్కడ, మిల్లు ఇక్కడ. పొద్దున ఒక బస్సు, రాత్రి ఒక బస్సు. యాసంగి వడ్లు వచ్చే రోజుల్లో ఆ రాత్రి బస్సు కూడా దొరకదు. నల్లగొండలోనే ఏదైనా లెక్కల పని చూసుకుందామనుకున్నాను. ఎవరిని అడిగినా మొదటి మాట ఒకటే: "రెజ్యూమె పంపండి."

గడియారం సెంటర్‌కు దగ్గర్లో ఒక డీటీపీ షాపుకు వెళ్లాను. పెళ్లి పత్రికలు, ఫ్లెక్సీలు, ఇంటిపన్ను రసీదుల జిరాక్సులు, అన్నీ అక్కడే. షాపతను తలెత్తకుండానే "ఫ్రెషరా, ఎక్స్‌పీరియన్సా?" అని అడిగాడు. ఎక్స్‌పీరియన్స్ అన్నాను. ఇంకెవరిదో రెజ్యూమె తెరిచి, దాని మీదే నా వివరాలు కొట్టుకుంటూ పోయాడు. అరగంటలో మూడు పేజీలు చేతిలో పెట్టాడు.

నిజం చెప్పాలి. అప్పుడది నాకు బాగా నచ్చింది. చుట్టూ తీగలు అల్లుకున్న బార్డరు. నా పేరు లావు అక్షరాల్లో, దాని వెనక నీడ. మా పానగల్ ఛాయా సోమేశ్వరాలయంలో పొద్దంతా కదలకుండా ఉండే నీడలాగా, ఏ పేజీ తిప్పినా నా పేరును అంటిపెట్టుకునే ఉంది. కొత్త ఆవర్జా పుస్తకం మొదలుపెట్టేటప్పుడు పైన శ్రీ రాయడం నాకు అలవాటు, అందుకని అడిగి మరీ శ్రీ కూడా పెట్టించుకున్నాను. మూడో పేజీలో అభిరుచులు అన్న చోట క్రికెట్ ఆడటం అని ఉంది. అది నాకంటే ముందు వచ్చినవాడిది. నేను ఇంటికి వెళ్లాక గానీ చూసుకోలేదు.

ఆ ఫైలును ఒక ప్రైవేటు సంస్థకు మెయిల్ చేశాను. రెండు రోజులకు వాళ్ల ఆఫీసు నుంచి ఒకావిడ ఫోను చేసింది. "సార్, ఫోనులో తెరిస్తే అంతా చెదిరిపోయింది. అయిదు పేజీలు చూపిస్తోంది. పైన ఏదో అర్థం కాని గుర్తు కూడా ఉంది. మళ్లీ పంపుతారా?" అంది. నేను అదే ఫైలు మళ్లీ పంపాను. ఇంకేం తెలుసు నాకు? ఆ తర్వాత ఫోను రాలేదు.

దసరాకు మా అక్క కూతురు హైదరాబాదు నుంచి వచ్చింది. ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. ఇంట్లో ఉన్న పాత లాప్‌టాప్‌లో ఆ ఫైలు తెరిచి చూపించాను. అందులో మైక్రోసాఫ్ట్ ఆఫీసు లేదు, డబ్బు కట్టనక్కర్లేని లిబ్రేఆఫీసే ఉంది. తెరవగానే ఆఫీసావిడ చెప్పిందంతా నా కళ్ల ముందుకు వచ్చింది. షాపులో నిట్టనిలువుగా కనిపించిన కోలన్లు వాన పడ్డప్పుడు బజారులో జనంలాగా తలో దిక్కుకు పోయాయి. ఒకటి ముందు, ఒకటి వెనక, ఒకటి కింది వరుసలో. శ్రీ ఉండాల్సిన చోట రెండు ఇంగ్లీషు గుర్తులు కూర్చున్నాయి.

"మామయ్యా, నీకొకటి చూపిస్తా" అని ఆ పిల్ల కంట్రోల్, ఎఫ్10 కలిపి నొక్కింది. పేజీ నిండా చుక్కలే చుక్కలు. రోడ్డు మీద వడ్లు ఆరబోసినట్టు. ఒక్కో చుక్క, స్పేస్ బార్ ఒక్కసారి కొట్టినదానికి గుర్తట. వర్డ్‌లో అయితే ఇదే కంట్రోల్, షిఫ్ట్, 8 నొక్కితే కనిపిస్తుందని చెప్పింది. తండ్రి పేరు అన్న మాటకూ కోలన్‌కూ మధ్య పదిహేడు చుక్కలు లెక్కపెట్టాను. లెక్కల మనిషిని, లెక్కపెట్టకుండా ఉండలేను.

అప్పుడు అర్థమైంది. షాపతను వరుసలు కుదరడానికి స్పేస్ కొట్టుకుంటూ పోయాడు, కంటికి సరిపోయిన చోట ఆపాడు. పాత టైపు మిషన్ మీద అయితే ఇది నడిచేది, ఎందుకంటే అక్కడ ప్రతి అక్షరానికీ ఒకటే వెడల్పు. కంప్యూటర్ అక్షరాలు అలా కాదు. ఇంగ్లీషు ఐ సన్నగా ఉంటుంది, డబ్ల్యూ లావుగా ఉంటుంది, ఖాళీకి కూడా ఫాంటును బట్టి ఒక వెడల్పు ఉంటుంది. అతను వాడింది బుక్‌మన్ ఓల్డ్ స్టైల్. అది మైక్రోసాఫ్ట్ ఆఫీసుతో పాటు వచ్చే ఫాంటు, నా లాప్‌టాప్‌లో లేదు, ఆవిడ ఫోనులోనూ ఉండి ఉండదు. లేనప్పుడు కంప్యూటర్ దగ్గరున్న వేరే ఫాంటును తెచ్చి పెడుతుంది. వెడల్పులు మారతాయి, చుక్కల మీద నిలబెట్టిన గోడ కూలుతుంది. శ్రీ కథ కూడా అలాంటిదే. పెళ్లి పత్రికలకు వాడే అను ఫాంటులో కొట్టాడు. ఆ పాత పద్ధతిలో తెలుగు అక్షరం లోపల దాగి ఉండేది నిజానికి ఇంగ్లీషు గుర్తుల సంకేతమే. ఆ ఫాంటు ఉన్నచోట అది శ్రీ, లేనిచోట అడ్డదిడ్డం గుర్తు. తెలుగు అక్షరానికి సొంత సంకేతమే ఉండే యూనికోడ్‌లో కొట్టి ఉంటే ఈ తిప్పలు ఉండేవి కావు.

మా మేనకోడలు మొదట తన స్నేహితురాలు పంపిన ఒక తయారు నమూనా తెరిచి, అందులో నా వివరాలు నింపింది. ఎడమవైపు ముదురు నీలం పట్టీ, అందులో గుండ్రటి ఫొటో, దాని కింద నైపుణ్యాలకు అడ్డగీతలు. లెక్కల సాఫ్ట్‌వేరు ట్యాలీకి ఎనభై శాతం గీత నిండి ఉంది. నేను ఒప్పుకోలేదు. ఎనభై శాతం అంటే దేనిలో ఎనభై? మిగతా ఇరవై ఎక్కడ పోయింది? ఆడిటర్ ముందు ఇలాంటి అంకె పెడితే వోచరు ఏదని అడుగుతాడు. ఆ పిల్ల నవ్వి, ఇంకో పరీక్ష చేసి చూపించింది. ఆ నమూనాను పీడీఎఫ్ చేసి, అందులోని అక్షరాలన్నీ కాపీ చేసి, నోట్‌ప్యాడ్‌లో పెట్టింది. ఫోను నంబరు వచ్చి డిగ్రీ మధ్యలో కూర్చుంది, మిల్లు పేరు పక్కన భాషలు వచ్చాయి. పెద్ద కంపెనీల్లో రెజ్యూమెను మనిషికంటే ముందు సాఫ్ట్‌వేరు చదువుతుందట, బొమ్మల పెట్టెల్లో ఉన్న మాటలు దానికి ఇలాగే కలగాపులగంగా అందవచ్చట. నేను పంపేది నల్లగొండలో మనుషులకే. అయినా నా నంబరు కాపీ చేసుకోబోయే మనిషికి సగం డిగ్రీ కూడా వెంట వస్తే ఏం బాగుంటుంది?

నీలం పట్టీ అక్కడితో పోయింది. ఖాళీ పేజీతో మొదలుపెట్టాం.

ముందు పాత ఫైలులోని మాటలను మాత్రమే, ఏ అలంకారమూ లేకుండా, కొత్త పేజీలోకి తెచ్చాం. కంట్రోల్, ఆల్ట్, షిఫ్ట్, వి. నాలుగు వేళ్లు సరిపోక రెండో చెయ్యి కూడా పెట్టాను. తర్వాత వెతికి మార్చే పెట్టె తెరిచి, రెండు ఖాళీలున్న ప్రతిచోటా ఒక్క ఖాళీ పెట్టమన్నాం. నాలుగు వందల పైచిలుకు మార్చానని చెప్పింది. మళ్లీ నొక్కితే రెండు వందల చిల్లర. సున్నా వచ్చేదాకా నొక్కుతూనే ఉన్నాను. ఇంత హాయి నాకు ఏడాది చివర పద్దులు సరిపోయినప్పుడే కలుగుతుంది.

తీసివేతల దగ్గర పేచీ వచ్చింది. మతం, వివాహ స్థితి, పైన చెప్పినవన్నీ నిజమని ప్రమాణం చేసే చివరి వాక్యం, ఇవన్నీ పోనిచ్చాను. క్రికెట్ అయితే ముందే పోయింది. తండ్రి పేరు తీసేస్తుంటే మాత్రం చెయ్యి పట్టుకున్నాను. "ఉద్యోగం నీకు కదా మామయ్యా, తాతయ్యకు కాదు కదా" అంది. అది నిజమే, కానీ ఊళ్లో నేను ఇప్పటికీ ఫలానా ఆయన కొడుకునే. కాసేపు వాదించి ఓడిపోయాను. దరఖాస్తు ఫారంలో ఎలాగూ ఆ గడి ఉంటుందని సమాధానపడ్డాను.

పని గురించి షాపతను రాసింది ఒక్క వాక్యం. లెక్కలు నిర్వహించడం. పదకొండేళ్లకు రెండు మాటలు. దాన్ని విప్పడానికి ఒక రాత్రి పట్టింది. కొనుగోలు కేంద్రాల నుంచి ప్రభుత్వ వడ్లు మిల్లుకు వస్తాయి. వాటిని మరపట్టి, క్వింటాలు వడ్లకు రా రైస్ అయితే 67 కిలోలు, బాయిల్డ్ రైస్ అయితే 68 కిలోలు తిరిగి అప్పగించాలి. దాన్ని మేం సీఎంఆర్ అంటాం. వానాకాలం, యాసంగి రెండు సీజన్లూ ఆ లెక్క నా చేతి మీదుగానే పోతుంది. దీన్ని రెజ్యూమెలో సీఎంఆర్ అని మూడు అక్షరాల్లో రాసి వదిలేస్తే, మిల్లు ముఖం చూడని మనిషికి ఏం తెలుస్తుంది? అందుకే ప్రభుత్వానికి తిరిగి ఇవ్వాల్సిన బియ్యం లెక్క అని విడమరిచి రాశాం. 2017 జూలైలో జీఎస్టీ వచ్చినప్పుడు మిల్లు పద్దులన్నీ కొత్త పద్ధతిలోకి మార్చింది కూడా నేనే. అదో వాక్యం. హమాలీల వారం కూలీ పంపిణీ ఇంకో వాక్యం. అందంగా చేయడమంటే అక్షరాలకు రంగులు పూయడమని నేను అనుకుని కూర్చున్నాను. ఈ వాక్యాలు లేకుండా ఎంత సర్దినా అది ఖాళీ గోదాముకు సున్నం కొట్టడమే.

ఇక సర్దడం. ఇక్కడే నా పాత చదువు అక్కరకొచ్చింది.

ముందు పేజీ కొలత చూశాం. షాపు ఫైలు లెటర్ సైజులో ఉంది. అది అమెరికా కాగితం, ఎనిమిదిన్నర అంగుళాల వెడల్పు, పదకొండు అంగుళాల పొడవు. మన దగ్గర ఏ షాపుకు వెళ్లినా దొరికేది ఎ4, 21 సెంటీమీటర్లు, 29.7 సెంటీమీటర్లు. దాన్ని మార్చి, నాలుగు వైపులా రెండేసి సెంటీమీటర్లు అంచు వదిలాం. అంటే రాయడానికి మిగిలిన వెడల్పు 17 సెంటీమీటర్లు.

ఆ 17 ఎందుకు పనికొచ్చిందంటే, తేదీల కోసం. మిల్లు పేరు ఎడమవైపు, పనిచేసిన సంవత్సరాలు అదే వరుసలో కుడి అంచున రావాలి. నేను అలవాటుగా స్పేస్ బార్ మీద వేలు పెట్టాను. మా మేనకోడలు నా వేలు తీసి పక్కన పెట్టి, పైన ఉన్న కొలబద్ద మీద 17 దగ్గర కుడి ట్యాబు గుర్తు పెట్టింది. ఇప్పుడు ట్యాబు ఒక్కసారి నొక్కితే తేదీ కుడి అంచుకు వెళ్లి ఆనుకుంటుంది. సంవత్సరం మార్చినా, ఫాంటు మార్చినా, దాని తోక అక్కడినుంచి కదలదు. రోకడ పుస్తకంలో పైసలు పైసల కింద, రూపాయలు రూపాయల కింద రాయడం నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. కుడి ట్యాబంటే అదే. ఇన్నేళ్లూ నోటుపుస్తకంలో చేసిన పని కంప్యూటర్ ముందు కూర్చోగానే ఎందుకు మరిచిపోయానో నాకే తెలియదు.

తర్వాత శీర్షికలు. అనుభవం, చదువు, నైపుణ్యాలు, భాషలు. ఒక్కోదాన్నీ విడివిడిగా లావు చేయబోయాను. అలా కాదని ఎఫ్11 నొక్కితే పక్కన స్టైళ్ల పట్టీ తెరుచుకుంది. హెడింగ్ 1 అన్నదాన్ని ఒక్కసారి ఎలా ఉండాలో చెప్పి పెట్టాం: సైజు 13, లావు అక్షరాలు, కింద సన్నటి గీత. నాలుగు శీర్షికలకూ అదే తగిలించాం. కాసేపటికి 13 పెద్దగా అనిపించి 12 చేస్తే, నాలుగూ ఒక్కసారే మారిపోయాయి. ఎక్సెల్‌లో హమాలీ రేటు ఒక గడిలో మార్చితే మొత్తం కూలీ తనంతట తనే మారినట్టు. ఇది తెలిశాక షాపతని మీద కోపం కాదు, జాలి కలిగింది. మూడు పేజీల్లో ప్రతి శీర్షికనూ చేత్తో లావు చేశాడు పాపం.

ఖాళీ వరుసల కోసం ఎంటర్ కొట్టడం కూడా మానేశాం. శీర్షికకు పైన 12 పాయింట్లు, కింద 4 పాయింట్లు అని స్టైలులోనే పెట్టాం. అంగుళానికి 72 పాయింట్లు, అంటే 12 పాయింట్లు అంగుళంలో ఆరో వంతు. పైన ఎక్కువ, కింద తక్కువ ఎందుకని అడిగాను. శీర్షిక తన కింది సంగతికి దగ్గరగా, పై సంగతికి దూరంగా ఉండాలి కదా అంది. షాపు కాగితంలో రెండు వైపులా సమానంగా ఉండేది. చదువు అన్న మాట పైన ఉన్న ఉద్యోగానిదో, కింద ఉన్న బీకాంకు చెందినదో తేలక నడిమధ్యన వేలాడేది. నాకు ఈ ఒక్క మార్పే అన్నిటికంటే ఎక్కువ తేడా చూపించింది. పైకీ కిందికీ తేడా ఎనిమిది పాయింట్లే.

ఫాంటు గురించి ఎక్కువ తర్జనభర్జన పడలేదు. 2007 నుంచి చాలా ఏళ్లు వర్డ్‌లో తెరవగానే వచ్చినవి కాలిబ్రి అక్షరాలు. లిబ్రేఆఫీసులో వాటికి బదులు కార్లిటో ఉంటుంది, రెండింటికీ అక్షరాల వెడల్పు ఒకటే. కాబట్టి ఇక్కడ కుదిరిన వరుస అక్కడా కుదురుతుంది. మామూలు అక్షరాల సైజు 11, పేరు 20. షాపు కాగితంలో మూడు రకాల ఫాంట్లు, సగం మాటలు లావుగా, సగం మాటల కింద గీతలు. అందరూ అందలం ఎక్కితే మోసేవారెవరు? నా పేరు, శీర్షికలు, మిల్లు పేరు, ఈ మూడే లావుగా ఉంచాం.

ఇంత చేశాక రెండు వరుసలు రెండో పేజీలోకి జారాయి. రెజ్యూమె ఒక్క పేజీలోనే ఉండాలన్న నియమం మీద నాకు నమ్మకం లేదు. పదకొండేళ్లు పనిచేసినవాడు రెండు పేజీలు రాసుకుంటే ఎవరికి నష్టం? కానీ రెండో పేజీలో రెండే వరుసలు ఉంటే అది బస్సు అందుకోలేకపోయినవాడిలా ఉంది. అక్షరాలను 9కి కుదించబోతే మా మేనకోడలు ఒప్పుకోలేదు, అంచులు తగ్గించబోతే నేనే ఒప్పుకోలేదు. చివరికి కష్టపడే స్వభావం, నిజాయితీ అన్న రెండు వరుసలు కొట్టేశాం. నిజాయితీ అని కాగితం మీద రాసుకున్న ఇద్దరు గుమాస్తాలను నేను మిల్లులో చూశాను లెండి.

పీడీఎఫ్ చేసి, ఫోనులో తెరిచి చూశాను. మా ఆవిడ ఫోనులో, పక్కింటి వాళ్ల ఫోనులో కూడా చూశాను. ఎక్కడ తెరిచినా ఒకేలా ఉంది. అక్షరాల రూపాలు కూడా పీడీఎఫ్ లోపలే వెళతాయి కాబట్టి అవతల ఫాంటు ఉన్నా లేకపోయినా ఒకటే. నోట్‌ప్యాడ్ పరీక్ష మళ్లీ చేశాం. ఈసారి మాటలన్నీ బుద్ధిగా వరుసలో వచ్చాయి. ఫైలుకు నా పేరు, అకౌంటెంట్ అని పెట్టాం. పాత ఫైలు పేరు న్యూ ఫైనల్ 2.

ప్రింటు తీయించడానికి మళ్లీ అదే షాపుకు వెళ్లాను. అతను పెన్‌డ్రైవు పెట్టి, తెరిచి, కాసేపు చూశాడు. "సార్, బార్డరు లేదు. వేయమంటారా?" అని అడిగాడు. వద్దని, అయిదు కాపీలు తీయమన్నాను. నా దగ్గర ఉంచుకునే కాపీ మీద మాత్రం ఇంటికొచ్చాక పైన పెన్నుతో శ్రీ రాసుకున్నాను.

మూడు చోట్లకు పంపాను. ఒకచోట నుంచి పిలుపు వచ్చింది. ఎదురుగా కూర్చున్న పెద్దాయన ముందు నా కాగితం ఉంది, వాళ్ల ప్రింటరులో తీసింది. నాకు తలకిందులుగా కనిపిస్తోంది. అయినా తేదీలు ఒక వరుసలో నిలబడి ఉన్నాయని తెలుస్తూనే ఉంది. ఆయన పెన్సిలు బియ్యం లెక్క వాక్యం దగ్గర ఆగింది. "క్వింటాలుకు ఎంత ఇవ్వాలి?" అని అడిగాడు. రా రైసా, బాయిల్డా అని ఎదురు అడిగాను. నవ్వాడు. వాళ్ల బావమరిదికి కూడా మిల్లు ఉందట.

కాసేపు ట్యాలీ గురించి, జీఎస్టీ రిటర్నుల గురించి మాట్లాడాక, ఇంకా ఏమైనా ఉందా అన్నట్టు కాగితాన్ని వెనక్కి తిప్పి చూశాడు. వెనకంతా ఖాళీ. ఆ ఖాళీలో పెన్సిలుతో జీతం అంకె రాసి, కాగితం నా వైపు జరిపాడు. మిల్లులో వచ్చేదానికంటే రెండు వేలు తక్కువ. రెండు బస్సు ఛార్జీలు మనసులోనే కూడి, సరేనన్నాను.